ఆరబోత లెక్క ఆషాఢంలోనే

కొనుగోళ్ల కాలంలో తెలంగాణ పల్లెల్లో తారు రోడ్డు సగం వడ్లతోనే నిండి ఉంటుంది. మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ టార్పాలిన్లు పట్టుకుని పరుగే. 2023 ఏప్రిల్, మే నెలల్లో కురిసిన అకాల వర్షాలకు కల్లాల్లోని యాసంగి వడ్లు తడిసిపోయాయి. అదే ఏడాది డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోస్తా రైతుకూ అదే గతి పట్టింది. ఇలాంటి ప్రతి దెబ్బ తర్వాతా ఊళ్లో డ్రయ్యర్ ఉంటే బాగుండునన్న మాట వస్తుంది. నాట్లు మొదలయ్యేసరికి అందరూ మరిచిపోతారు.

అసలు ఆ మాట పట్టుకోవాల్సింది నాట్ల వేళే. యాసంగి కొనుగోళ్లు ముగిశాక వానాకాలం పంట చేతికొచ్చే అక్టోబరు దాకా సుమారు నాలుగు నెలల వ్యవధి ఉంటుంది. డ్రయ్యర్ పెట్టాలన్నా, ఉన్నదాన్ని బాగుచేయాలన్నా అదే అదను.

చేతికోతల రోజుల్లో పనలు పొలంలోనే ఎండేవి. కుప్ప వేసి, తీరిక చూసుకుని నూర్చేవారు. హార్వెస్టర్ కోతనూ నూర్పునూ ఒక్కసారే ముగిస్తుంది కాబట్టి గింజ 20 నుంచి 25 శాతం తేమతో ట్రాలీలో పడుతుంది. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం మించకూడదు. మక్కలకైతే పరిమితి 14 శాతమే. పైగా తేమ మీద నిల్వ ఉన్న మక్కలకు బూజు పట్టి, అఫ్లాటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదముంది.

ఎంత పెద్ద డ్రయ్యర్ కావాలి? చాలామంది ఊళ్లోని ఎకరాలు లెక్కపెడతారు. లెక్కపెట్టాల్సింది రోజుకు తిరిగే హార్వెస్టర్లను. గంటకు ఎకరం చొప్పున ఎనిమిది గంటలు కోస్తే, ఎకరాకు 25 క్వింటాళ్ల దిగుబడి మీద ఒక్క యంత్రం నుంచే 20 టన్నులు వస్తాయి. 24 శాతం తేమను 17కు దించాలంటే ప్రతి 10 టన్నుల నుంచి దాదాపు 840 కిలోల నీరు ఆవిరి కావాలి. గంటకు ఒక శాతం తగ్గినా ఏడు గంటలు పడుతుంది. నింపడం, చల్లార్చడం, దించడం కలిపితే పది గంటలు. అంటే రాత్రీ పగలూ నడిపితే, 10 టన్నుల డ్రయ్యర్ ఒక్క హార్వెస్టర్‌కు సరిపోతుంది. రెండో హార్వెస్టర్ ఊళ్లోకి దిగిందా, పచ్చి వడ్లు కుప్పపడతాయి. లోపల వేడెక్కి, గింజ రంగు మారిపోతుంది.

వేడి పెంచి తొందరగా కానిద్దామనుకోవడం మహా చెరుపు. పైపొర ఎండి లోపల తేమ మిగిలితే గింజ పగుళ్లిచ్చి, మిల్లులో నూకవుతుంది. అందుకే మంచి డ్రయ్యర్లలో వడ్లు కాసేపు వేడిగాలిలో, కాసేపు తీరికగా తొట్టిలో ఉంటూ తిరుగుతాయి. విత్తన వడ్లకైతే గాలి వేడి 43 డిగ్రీలు దాటనివ్వకూడదు. మొలకశక్తి పోతుంది.

యంత్రం కొనడం కన్నా దాని చుట్టూ ఉండే పనులకే ఎక్కువ రోజులు పడతాయి. పునాది కాంక్రీటు పూర్తి బలం పుంజుకోవడానికి 28 రోజులు చూస్తారు. త్రీఫేజ్ కనెక్షన్‌కు దరఖాస్తు, అవసరమైతే ట్రాన్స్‌ఫార్మర్, ట్రాక్టర్లు తిరిగేంత జాగా, దుమ్ము ఇళ్ల మీదికి పోని దిశ, ఇవన్నీ ముందే తేలాలి. ఇంధనం సంగతి కొంత నయం. వడ్ల బరువులో అయిదో వంతు ఊకే కాబట్టి దగ్గర్లో మిల్లు ఉంటే ఊక పొయ్యి చవక. పొగ గింజకు తగలకుండా వేడిని మాత్రమే అందించే అమరిక ఉందో లేదో చూసుకోవాలి.

ఒక్క రైతు మోయగల ఖర్చు కాదిది. సహకార సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు కలిసి పెట్టుకోవడమే మేలు. 2020లో వచ్చిన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద 2 కోట్ల రూపాయల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ, గరిష్ఠంగా ఏడేళ్లపాటు దొరుకుతుంది. బ్యాంకు పత్రాలు తేలడానికీ సమయం కావాలి.

డ్రయ్యర్ ఇప్పటికే ఉన్నవారు ముందు మూసుకుపోయిన జాలీ రేకులు కడిగించాలి. ఎలుకలు కొరికిన తీగలు మార్చాలి. పొయ్యిగదిలో పగుళ్లు వెతకాలి. మూలల్లో మిగిలిన గడ్డి, పొల్లు ఊడ్చేయాలి, నిప్పంటుకునేది అక్కడే. కొత్త హంగు ఒక్కటే చేర్చగలిగితే అది తాలు, గడ్డి ముందే వేరుచేసే జల్లెడ కావాలి. చెత్త లేని వడ్లలో గాలి సమానంగా పారుతుంది.

తేమ మీటరునూ తేలిగ్గా తీసుకోకూడదు. అది తప్పు చూపి వడ్లు 17కు బదులు 14 దాకా ఎండితే క్వింటాలుకు మూడున్నర కిలోల బరువు తగ్గుతుంది. 2025-26లో ఏ గ్రేడు మద్దతు ధర 2,389 రూపాయలు. ఆ లెక్కన క్వింటాలుకు 83 రూపాయలు ఆవిరైనట్టే. సెప్టెంబరులోనే ఒకే నమూనాను డ్రయ్యర్ దగ్గరి మీటరులోనూ కొనుగోలు కేంద్రం మీటరులోనూ పెట్టి, రెండూ ఒకే అంకె చూపుతున్నాయో లేదో సరిపోల్చుకోవాలి.