ఎఱ్ఱమంజిల్: నామము, నిర్మాణము

హైదరాబాదులో బంజారాహిల్స్‌కు తూర్పుగా, ఖైరతాబాదునుండి పంజగుట్టకు పోవు మార్గముచెంత, ఒక చిన్న గుట్టపై ఎఱ్ఱమంజిల్ అను భవనము కలదు. నిజాం కొలువులోని నవాబు ఫక్రుల్‌ముల్క్ దీనిని 1870 ప్రాంతమున కట్టించెనని ప్రసిద్ధి. అనంతరకాలమున ఇది ప్రభుత్వాధీనమై, మొదట దస్త్రములు భద్రపఱచు తావుగను, పిదప ప్రభుత్వ నిర్మాణశాఖకు కార్యాలయముగను ఉపయోగపడినది.

నామవిచారము: ఈ గుట్ట మన్ను ఎఱ్ఱనిదగుటచే స్థానికులు దీనిని ఎఱ్ఱగడ్డ యని పిలిచిరి. నేటి ఎర్రగడ్డ పేట దీనికంటె వేఱు. నవాబు తన భవనమునకు ‘ఇరమ్ మంజిల్’ అని పేరిడెను. పారసీక సాహిత్యమున ‘ఇరమ్’ స్వర్గతుల్యమైన ఉద్యానమునకు పేరు. ‘మంజిల్’ అనగా విడిది, నివాసము. తెలుగువాని చెవికి ఇది ఎఱ్ఱనిగుట్టమీది మంజిల్. పారసీకము చదివినవానికి స్వర్గోద్యానభవనము. మమ్మటుడు చెప్పిన ఎనిమిది విధములగు శ్లేషలలో భాషాశ్లేష యొకటి. ఒకే వర్ణక్రమము రెండు భాషలలో రెండర్థముల నిచ్చుట దాని లక్షణము. ఇచట ధ్వని సర్వథా ఒకటి కాకున్నను, జనవ్యవహారమున ఇ-ఎ ల భేదము లోపించి, రేఫము ద్విత్వమును పొందినంతనే ఆ లక్షణము కుదిరినది. కవులు శ్లోకమున సాధించినదానిని ఇచట ఒక గుట్టయు, ఒక భవనమును కలిసి సాధించినవి.

నిర్మాణవిచారము: భవనము యూరోపులోని బరోక్ రీతిని అనుసరించినది. గదులు 150కి పైబడి యున్నవి. గచ్చుతో తీర్చిన అలంకరణములు దీని ప్రత్యేకత. సంస్కృతమున ‘సుధ’ యనగా సున్నము. దానితో పూయబడినది ‘సౌధము’. అమరసింహుడు సౌధశబ్దమును రాజగృహమునకు పర్యాయముగా చెప్పినాడు. రీతి పాశ్చాత్యమైనను, ఈ భవనమునకు సౌధశబ్దము వ్యుత్పత్తితో సహా అన్వయించును. ఒకప్పుడు దీని ఆవరణమున గోల్ఫు, పోలో మైదానములు, అశ్వశాలలు, పాడిశాల ఉండెడివి.

2019 జూన్ 18న తెలంగాణ మంత్రివర్గము ఈ భవనమును తొలగించి, ఆ స్థలమున నూతన శాసనసభాభవనము నిర్మింప నిశ్చయించినది. అదే సంవత్సరము సెప్టెంబరు 16న రాష్ట్ర హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. వాదమున ప్రధానమైనది వారసత్వకట్టడముల రక్షణకై ఏర్పడిన నిబంధనల విషయము. భాషాధ్యయనపరులకు ఇందు మఱియొక విషయము గమనింపదగినది. భవనము పోయినను మెట్రోరైలు స్టేషనుపై పేరు నిలుచును. కాని అది యౌగికార్థమును కోల్పోయి కేవల రూఢిగా మిగులును. ‘మంజిల్’ ఏది యని అడిగిన విద్యార్థికి చూపుటకు ఏమియు ఉండదు. గుట్టయు భవనమును నిలిచియున్నంతవఱకే శ్లేషలోని రెండర్థములకును ప్రత్యక్షప్రమాణము లభించును. కావున స్థలనామములను సేకరించువారు పదములతోపాటు ఆయా కట్టడముల వృత్తాంతమును, అవి నిలిచియుండగనే, నమోదు చేయుట కర్తవ్యము.