చేప యొకటి, హక్కుదారులు పెక్కుమంది

ఒక చేపను గూర్చిన ఒడంబడిక ఒక దేశమునకు స్వయముగా సంతకము చేయు హక్కును సంపాదించి పెట్టినదనిన మా న్యాయవాద మిత్రులు నవ్వవచ్చును. కాని యది నిజము. 1923 మార్చి 2వ తేదీని వాషింగ్టనులో అమెరికా సంయుక్త రాష్ట్రములకును కెనడాకును హాలిబట్ చేపల వేటను గూర్చి ఒడంబడిక జరిగెను. అంతవరకు ఇట్టి పత్రములపై బ్రిటిషు రాయబారి సంతకముండుట ఆచారము. ఈసారి కెనడా పక్షమున ఆ దేశపు మంత్రి ఎర్నెస్టు లపాయింటు ఒక్కడే చేవ్రాలు చేసెను.

ఈ చేప చరిత్రయు విచిత్రమైనదే. పిల్లగా నున్నపుడు ఇతర మత్స్యములవలెనే నిటారుగా నీదును. పిదప ఎడమ కన్ను నెత్తిమీదుగా కుడివైపునకు జరుగును. అటుపై తెల్లని ఎడమ ప్రక్కను క్రిందుచేసి సముద్రపు టడుగున పరుండును. చదునైన చేపలలో దీనిని మించినది లేదు. ఆడుచేప 200 కిలోల బరువు దాటుటయు కలదు. కాని సాధారణముగా పండ్రెండేండ్ల ప్రాయము వచ్చినగాని గ్రుడ్లు పెట్టదు.

ఇంత నిదానముగా ఎదుగు జీవిని తొందరపడి పట్టిన ఫలితమును అట్లాంటిక్ తీరము 19వ శతాబ్దమునందే అనుభవించినది. 1888 నుండి పసిఫిక్ తీరపు చేప రైలుపై తూర్పు నగరములకు పోసాగెను. అచ్చటను అదే భయము పుట్టెను. అందుచేతనే 1923 నాటి ఒడంబడిక. అది మొదట శీతకాలమున వేటను నిలిపి, ఉభయదేశ సంఘమును ఏర్పరచెను. 1930 ఒడంబడికతో అధికారము పెరుగగా ఆ సంఘము పట్టుబడికిని పరిమితి విధించెను. చేపలు మరల వృద్ధిపొందెను.

అయితే పరిమితి చేపలకే గాని పడవలకు లేదు. ముందు పట్టినవానిదే లాభమగుటచే పడవలు పెరిగెను, వేటదినములు తరిగెను. 1990 ప్రాంతమున అలాస్కాలో ఏడాదికి రెండు మూడు మారులు, మారునకు ఇరువదినాలుగు గంటలు మాత్రమే వేట! ఆ దినమున తుపానున్నను పోవలసినదే. పడవలు మునిగినవి, ప్రాణములు పోయినవి. పట్టిన చేప యంతయు ఒక్కమారుగా రేవునకు వచ్చి మంచుకొట్లలో చేరెను.

1991లో కెనడాయును, 1995లో అలాస్కాయును ఎవరి వాటా వారికి నిర్ణయించెను. పరుగుపందెము ముగిసెను, వేట ఇంచుమించు ఎనిమిది నెలలకు విస్తరించెను. కాని అలాస్కాలో తొలి వాటాలు పడవల యజమానులకును వానిని కౌలునకు తీసికొన్నవారికిని దక్కెను. ఏండ్లతరబడి గాలముల త్రాళ్లు లాగిన పనివారికి ఏమియు రాలేదు. వారి బిడ్డలు నేడు ఆ హక్కును కొనుక్కొనవలసినదే.

చేపను కాపాడిన శాసనమును మేము మెచ్చుకొందుము. కాని పంపకమునాడు పంక్తిలో నెవరు కూర్చుండిరో, వాకిట నెవరు నిలిచిరో విచారించిన శాసనమే ధర్మమనిపించుకొనును.