అశోకారిష్టంలో అశోక ఉందా?

బడి ముందో, కచేరీ ఆవరణలోనో స్తంభంలా నిటారుగా పెరిగే చెట్టును మనలో చాలామంది అశోకచెట్టు అంటాం. దాని ఆకుల అంచులు అలలు అలలుగా ఉంటాయి. నిజానికి అది నరమామిడి. తమిళులు నెట్టిలింగం అంటారు, ఒడియావారు దేవదారు అంటారు. ఆయుర్వేదంలో దేవదారేమో హిమాలయాల్లో పెరిగే మరో చెట్టు! రెండు మూడు భాషల నడుమ బతికే మనకు ఈ పేర్ల చిక్కు కొత్త కాదు గాని, మందు విషయంలో నవ్వి ఊరుకోలేం.

వైద్యగ్రంథాలు చెప్పే అశోక గుబురుగా పెరుగుతుంది. లేతాకులు రాగిరంగులో వేలాడతాయి. పూలు నారింజరంగులో విచ్చి, తరువాత ఎర్రబడతాయి. పడమటి కనుమల్లో సహజంగా పెరిగే చెట్టు ఇది. బహిష్టులో అధిక రక్తస్రావానికి స్త్రీలు తాగే అశోకారిష్టానికి దీని బెరడే ఆధారం. అడవిలో అశోక తగ్గింది, గిరాకీ తగ్గలేదు. అందుకే బెరడు బస్తాల్లోకి నరమామిడి వచ్చి చేరుతోంది. కొన్నిచోట్ల అది మోసం, కొన్నిచోట్ల పేరు తెచ్చిన పొరపాటు. తాగే ఆమెకు రెండూ ఒకటే. నెలలు గడిచిపోతాయి, ఒంట్లో రక్తం తరిగిపోతుంది.

మరి పరీక్ష ఎలా? ముందు కంటితో బెరడును చూస్తారు, విరిచి చూస్తారు. పలచని ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే కణాల అమరిక చెట్టును పట్టిస్తుంది. బెరడును కాల్చి, ఆ బూడిదను ఆమ్లంలో కరిగిస్తే కరగక మిగిలేది చాలావరకు ఇసుక. బెరడు సారాన్ని పలకమీద పాకించి, అసలు అశోక సారం పక్కనే పెట్టి రంగుచారలు పోల్చే పద్ధతీ ఉంది. సీసం పది లక్షల పాళ్లలో 10 పాళ్లు, పాదరసం 1 పాలు మించకూడదు.

ఇదంతా కాచకముందే జరగాలండీ. కషాయం కాచి పులియబెట్టాక సూక్ష్మదర్శినికి కణాలు దొరకవు. వగరు ఉంది కదా అంటారా? ఆ వగరు కరక్కాయ, ఉసిరిక, ధాతకీ పూలు కూడా ఇస్తాయి, అవన్నీ ఈ అరిష్టంలో పడేవే. కనుక సీసాను పరీక్షించడం కన్నా బస్తాను పరీక్షించడమే నమ్మదగింది. 2000లో మందుల నిబంధనల్లో చేర్చిన టీ షెడ్యూలు, ముడిసరుకును పరీక్షించి లెక్క రాసిపెట్టే పనిని తయారీదారు మీదే ఉంచింది.

సీసా మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా ఉన్నాయేమో చూడండి. లైసెన్సు ఉన్నంత మాత్రాన ప్రతి సీసానూ ప్రభుత్వం పరీక్షించిందని కాదు. అయినా తేడా వస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. సంతలో కొన్న బెరడుకు ఆ ఆధారమూ లేదు.

మందు తాగుతున్నా రక్తస్రావం తగ్గకపోయినా, ముట్లుడిగాక మళ్లీ కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఆ సీసానూ వెంట తీసుకెళ్లండి, ఏం తాగారో డాక్టరు చూడాలి.