విప్పడానికే పుట్టిన బండి

పాత జీపు కొన్న కొత్తలో ఒకరోజు వెనక చక్రం పంక్చరైంది. బండి ఆగిన చోటు కాస్త పల్లం. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, జాకీ పెట్టి, చక్రం నేల విడిచేదాకా ఎత్తాను. నట్టుకి పానా తగిలిస్తుండగా బండి జానెడు ముందుకు జరిగింది. జాకీ వాలిపోయింది. పక్క షెడ్డులోంచి పరుగున వచ్చిన మేస్త్రి ముందు చక్రం కింద ఒక ఇటుక తోసి నావంక చూశాడు.

"హ్యాండ్ బ్రేకు వేసే ఉంది మేస్త్రీ!" అన్నాను.

"వేశారు, కాదనను. చక్రానికి వేశారా బాబూ, షాఫ్టుకి వేశారా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే బండి పుట్టుపూర్వోత్తరాలన్నీ తిరగెయ్యవలసి వచ్చింది.

49 రోజుల గడువు

1940లో జర్మన్ సేనలు ఫ్రాన్సుని కొన్ని వారాల్లోనే లొంగదీశాయి. గుర్రాలతోనూ మోటారు సైకిళ్లతోనూ ఇకమీదట యుద్ధం నడవదని అమెరికా సైన్యానికి అర్థమైంది. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే చిన్న నిఘా బండి కావాలంటూ ఆ వేసవిలో 135 కంపెనీలకు కబురు పెట్టింది. బరువు 590 కిలోలు దాటకూడదు, నమూనా బండి 49 రోజుల్లో వాకిట్లో ఉండాలి అన్నది షరతు. ఆ షరతు చూసి చాలామంది మొహం చాటేశారు. ముందుకొచ్చినవి రెండే కంపెనీలు. ఒకటి పెన్సిల్వేనియా రాష్ట్రం బట్లర్ పట్టణంలో మూతపడే స్థితిలో ఉన్న అమెరికన్ బాంటమ్. రెండోది ఒహాయోలోని విల్లీస్ ఓవర్‌ల్యాండ్.

బాంటమ్ పిలిపించిన ఇంజనీరు కార్ల్ ప్రాబ్‌స్ట్ రెండు రోజుల్లో నక్షాలు గీసేశాడు. ప్రతి భాగాన్నీ కొత్తగా తయారుచేసే వ్యవధి లేదు. అందుకని ఇరుసులు ఒకరి దగ్గర, ఇంజను ఇంకొకరి దగ్గర, గేర్‌బాక్సు మరొకరి దగ్గర తెచ్చి, తానుగా చెయ్యవలసినవి మాత్రం చేసి, అన్నిటినీ బోల్టులతో బిగించాడు. సెప్టెంబరు 23న, గడువు ఇంకో అరగంట ఉందనగా, బండి మేరీలాండ్‌లోని హోలబర్డ్ సైనిక శిబిరం చేరింది. జీపు గుణం ఆ 49 రోజుల్లోనే ఖాయమైపోయిందని నేననుకుంటాను. బోల్టులతో కూర్చినది బోల్టులు తీస్తే విడిపోతుంది.

590 కిలోల పరిమితి మాత్రం ఎవరి వల్లా కాలేదు. సైన్యమే దిగొచ్చి దాన్ని 980 కిలోల దాకా పెంచింది. అది కూడా విల్లీస్ బండికి ఇరుకే. ఆ కంపెనీ ఇంజనీరు బార్నీ రూస్ బండిని నిలువునా విప్పించి, ఒక్కో భాగాన్నీ తూకం వేయించి, బోల్టుల్లో అవసరానికి మించిన పొడవు కోయించి, రంగు సైతం పలచన చేయించి నెగ్గుకొచ్చాడని చెబుతారు. బరువు తగ్గించినవాడు ఇంజనుని మాత్రం తగ్గించలేదు. 2,199 సీసీ, 60 గుర్రాల బలం. పోటీలో విల్లీస్‌ని గెలిపించింది అదే.

ఒక్క ఫ్యాక్టరీ సరిపోదని సైన్యం విల్లీస్ నక్షాలను ఫోర్డుకీ ఇచ్చింది. ఒకరి బండి భాగం రెండోవారి బండికి ఇట్టే అతకాలన్నది ఒప్పందం. ఫోర్డు తన బోల్టుల తలల మీద సైతం 'ఎఫ్' అక్షరం గుద్దుకుంది కానీ, కొలతల్లో వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. యుద్ధం ముగిసేసరికి ఇద్దరూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశారు. దారి చూపిన బాంటమ్ మూడు వేల లోపే చేసి, ఆ తర్వాత జీపు వెనక తగిలించే ట్రెయిలర్లతో సరిపెట్టుకుంది.

ఎక్కడో ఎడారిలో పాడైన మూడు బండ్లను కలిపి రెండు నడిచే బండ్లు చేసుకునే వీలు ఈ ఒప్పందం వల్లే వచ్చింది. సైన్యం 1944లో అచ్చువేసిన మరమ్మతు పుస్తకం విల్లీస్, ఫోర్డు బండ్లు రెండిటికీ ఒక్కటే.

మజగాఁవ్‌కి వచ్చిన పెట్టెలు

1945లో మహీంద్రా సోదరులు గులాం మహమ్మద్‌తో కలిసి మహీంద్రా అండ్ మహమ్మద్ అనే కంపెనీ పెట్టారు. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రిగా వెళ్లిపోయారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విల్లీస్ నుంచి తొలివిడతగా 75 బండ్లు విడిభాగాలుగా బొంబాయికి దిగాయి. వాటిని మజగాఁవ్‌లో కూర్చారు. అంటే మన దేశంలో ఈ జీపు పుట్టుకే బిగింపు పనితో మొదలైంది.

1953లో విల్లీస్ తన పౌర జీపుకి కొత్త రకం ఇంజను పెట్టింది. పాతదానిలో కవాటాలన్నీ సిలిండర్ల పక్కన బ్లాకులోనే ఉండేవి. కొత్తదానిలో గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే కవాటం పైన హెడ్డులోకి ఎక్కింది. దాంతో ఇంజను ఎత్తు పెరిగి బానెట్టునీ పైకి లేపవలసి వచ్చింది. మనకు బాగా తెలిసిన ఎత్తు ముక్కు జీపు, సీజే 3బీ, అలా తయారైంది. అమెరికాలో దాని తయారీ 1968లో ఆగింది. మన దగ్గర మాత్రం ఆ వంశం డీజిల్ ఇంజన్లు మార్చుకుంటూ దశాబ్దాల పాటు సాగింది. సమితి జీపు, అడవి శాఖ జీపు, పోలీసు జీపు, ఏజెన్సీ ఘాట్లలో మనుషుల్నీ మూటల్నీ కలిపి మోసిన సర్వీసు జీపు అన్నీ ఒక తల్లి బిడ్డలే.

ఇటుక చెప్పిన పాఠం

ఇక మేస్త్రి ప్రశ్న దగ్గరికి వద్దాం. ఇప్పటి కారులో హ్యాండ్ బ్రేకు సాధారణంగా వెనక చక్రాలనే పట్టుకుంటుంది. ఈ జీపులో అలా కాదు. గేర్‌బాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది. ముందుకో షాఫ్టు, వెనక్కో షాఫ్టు పంపేది అదే. వెనక షాఫ్టు మొదట్లో చిన్న డ్రమ్ము ఉంటుంది. హ్యాండ్ బ్రేకు పట్టుకునేది ఆ డ్రమ్ముని.

షాఫ్టు ఆగితే చక్రాలు ఆగవా? రెండూ నేల మీద ఉంటే ఆగుతాయి. కానీ మధ్యలో డిఫరెన్షియల్ ఉంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగడానికి అందులో చిన్న పళ్లచక్రాలు ఉంటాయి. షాఫ్టుని బిగబట్టినా, ఒక చక్రం ముందుకి తిరిగితే రెండోది అంతే వెనక్కి తిరగడానికి అవి అడ్డు చెప్పవు. నేల మీదున్న రెండు చక్రాలు అలా ఎదురెదురుగా తిరగలేవు కనుక బండి నిలుస్తుంది. ఒకదాన్ని జాకీతో గాలిలోకి లేపామా, ఆ తాళం ఊడినట్టే. కిందిది ముందుకి దొర్లుతుంది, పైది వెనక్కి తిరుగుతుంది, బ్రేకు మాత్రం పట్టే ఉంటుంది! జాకీ ఎత్తే ముందు ఎదుటి ఇరుసు చక్రాలకు రెండు వైపులా ఇటుకలో చెక్కలో పెట్టాలి. ఫోర్ వీల్ కూడా వేసి ఉంచితే ముందు చక్రాలు బండిని పట్టి ఉంచుతాయి.

ట్రాన్స్‌ఫర్ కేసులోని లో గేరు ఈ బండికి ప్రాణం. సీజేలో మొదటి గేరు, లో గేరు, ఇరుసులోని పళ్ల నిష్పత్తి హెచ్చవేస్తే సుమారు 37 వస్తుంది. ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం పోయినంతా లాగుడు బలంగా తిరిగొస్తుంది. అందుకే బురదలో మనిషి నడక కన్నా నిదానంగా, ఆగకుండా పోతుంది. అదే ఫోర్ వీల్ వేసి తారు రోడ్డెక్కితే మాత్రం చేటు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం పోవాలి. ట్రాన్స్‌ఫర్ కేసు రెండు షాఫ్టుల్నీ ఒకే వేగంతో తిప్పుతుంది. బురదలో టైరు జారి లెక్క సరిచేసుకుంటుంది. తారు మీద జారదు కనుక షాఫ్టులు మెలిపడి లివరు బిగుసుకుపోతుంది. సుత్తి అందుకోకండి. బండిని తిన్నగా నాలుగు గజాలు వెనక్కి నడపండి, మెలి విడిపోయి లివరు తనంతట వస్తుంది.

వాకిట్లో పనులు

ఎడమవైపు చక్రాల నట్లు ఈ పాత జీపుల్లో ఎదురు మర. బయట నిలబడి చూస్తే ముందుకు పోయే బండి ఎడమ చక్రం అపసవ్యంగా తిరుగుతుంది. ఆ తిప్పుడుకి మామూలు మర వదులవుతుందని అలా పెట్టారు. సంగతి తెలియనివాళ్లు పానాకి పైపు తొడిగి దాని మీద నిలబడతారు. స్టడ్డు విరుగుతుంది, నట్టు నవ్వుతుంది. స్టడ్డు మొన మీద 'ఎల్' అక్షరం ఉందేమో ముందు తుడిచి చూడండి.

ఎండాకాలం జీపు మిట్ట మధ్యాహ్నం ఆగిపోయి, సాయంత్రం ఏమీ ఎరగనట్టు స్టార్టయితే అది దయ్యం పని కాదు. పెట్రోలు పంపు ఇంజనుకే అంటుకుని ఉంటుంది. మన మేస్త్రీలు దాన్నే ఏసీ పంపు అంటారు. పెట్రోలులోని తేలిక భాగాలు ఆ వేడికి ఆవిరవుతాయి. పంపు ద్రవాన్ని తోడగలదు గాని ఆవిరిని తోడలేదు. పాత డ్రైవర్లు దాని మీద తడిగుడ్డ చుట్టేవారు. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,400 జౌళ్ల వేడి కావాలి. గుడ్డలోని నీరు ఆ వేడిని పంపు దగ్గర లాక్కుంటుంది. కూజాలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. శాశ్వతంగా కుదరాలంటే పెట్రోలు గొట్టాన్ని సైలెన్సరు పైపుకి దూరంగా తిప్పి, మధ్యలో రేకు అడ్డం పెట్టాలి.

స్టార్టరు నీరసంగా మూలిగితే వెంటనే కొత్త బ్యాటరీ కొనకండి. ముందు బ్యాటరీ నుంచి ఛాసిస్‌కీ, ఇంజనుకీ పోయే ఎర్తు పట్టీ చూడండి. స్టార్టరు 200 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. పట్టీ కింద తుప్పు వల్ల ఓములో నూరో వంతు అడ్డు ఏర్పడినా 2 వోల్టులు అక్కడే ఖర్చవుతాయి. 12 వోల్టుల బండిలో అది ఆరో వంతు. యుద్ధకాలపు 6 వోల్టుల బండిలోనైతే మూడో వంతు! గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త వేజలీన్ రాస్తే చాలు. అలాగే డిస్ట్రిబ్యూటరులో పాయింట్ల సందు అర మిల్లీమీటరు ఉండాలి, హ్యాక్సా బ్లేడు మందం కన్నా ఒక పిసరు తక్కువ. ఫీలర్ గేజి ఖరీదైన వస్తువేం కాదు, కొనుక్కోండి.

కాలం తెచ్చిన రోగాలు వేరే ఉన్నాయి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగింది. మన ఊపిరితిత్తులకు మేలైంది. కానీ పాత ఇంజన్లలో కవాటాల పీటలను అరగకుండా కాపాడింది ఆ సీసమే. ఓవర్‌హాలింగ్‌కి ఇచ్చినప్పుడు గట్టి ఉక్కు పీటలు వేయించాలి. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. అది పాత రబ్బరుని మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీలుస్తుంది, ట్యాంకులో పేరుకున్న జిగురుని కదిలించి ఫిల్టరుకి పంపుతుంది. గొట్టాలు, పంపులోని పొర ఇథనాల్‌ని తట్టుకునే రకానివి వేసి, ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచకుండా చూసుకోవాలి.

చెయ్యి ఆపవలసిన చోటు

పాత జీపు బ్రేకులకు ఒకే మాస్టర్ సిలిండరు, ఒకే దారి. ఒక్క చక్రం దగ్గర నూనె కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. సిలిండరు రబ్బర్లను పెట్రోలుతో, కిరోసిన్‌తో కడగకూడదు, ఉబ్బి చెడతాయి. పాత బ్రేకు పట్టీల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ములో దుమ్ముని గాలి కొట్టి ఎగరగొట్టకుండా తడిగుడ్డతో తుడవండి. బ్రేకులూ స్టీరింగూ మీరే బిగించినా, రోడ్డెక్కే ముందు తెలిసిన మేస్త్రితో ఒకసారి చూపించండి. అందులో నామోషీ లేదు.

చట్టమూ ఉంది. 15 ఏళ్లు దాటిన సొంత బండికి ఫిట్‌నెస్ చూపించి, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఇష్టమొచ్చినట్టు ఛాసిస్ కోసి, ఇంజను మార్చితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డం వస్తుంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు నిండి, అసలు రూపం చెడకుండా ఉన్న బండిని వింటేజి వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. రోజువారీ తిరుగుడుకి మాత్రం దాన్ని వాడకూడదు.

జీపు కన్నా బలమైన బండ్లు, వేగమైన బండ్లు ఎన్నో వచ్చాయి, ఎన్నో తుక్కయ్యాయి. ఇది బతకడానికి కారణం దాని ఉక్కు గొప్పదై కాదు. ఆ ఉక్కూ తుప్పు పడుతుంది. పాడైన భాగం మామూలు పానాలకే ఊడి వస్తుంది, మరొకటి అక్కడే సరిపోతుంది. అందుకే బతికింది. పాత జీపు కొంటున్నారా? ముందు మరమ్మతు పుస్తకం సంపాదించండి. సీటు కింద ఒక జత కొయ్య చెక్కలు వేసుకోండి. జాకీ తర్వాత తీయవచ్చు.