ఇల్లు కూలగొట్టినంక పిల్లి యాడికి పోవాలె?

పిల్లి తన పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతదని అంటరు. మేం మా పిల్లుల్ని తిప్పింది రెండిండ్లే. ఆ రెండిండ్లకే ఒకటి చావుదాక పోయొచ్చింది. తప్పు నాదే కాబట్టి ఆ ముచ్చట నేనే చెప్పాలె.

2024 మార్చిల ఇందిరమ్మ ఇండ్ల పథకం మొదలైనంక సొంత జాగ ఉన్నోళ్లకు 5 లక్షలు వస్తున్నయ్. మంజూరు కాయిదం రాంగనే పాత పెంకుటిల్లు కూలగొట్టి, ఆర్నెల్లో ఏడాదో కిరాయికి పోతున్నరు. మా చివ్వెంల దిక్కు నుంచైతే ఎక్కువ మంది సూర్యాపేటకే పోతరు. బర్రెల్ని ఎవరింటికాడ కట్టెయ్యాలె, వడ్లు ఎవరి అర్రల పొయ్యాలె అని నెల ముందుగాలనే మాట్లాడుకుంటరు. పిల్లి మాత్రం సామాన్ల ట్రాక్టర్ కదిలేటప్పుడు యాదికొస్తది.

మాకు రెండు. ముసలిది బూడిది, దాని కొడుకు గండు. సూర్యాపేటల కిరాయి ఇల్లు చూసినం. ఓనరమ్మ "మనుషులు ఎంతమందైనా ఉండున్రి, పిల్లులొద్దు" అన్నది. మా మేనత్త ఊరు నాలుగు కిలోమీటర్లే. గండును యూరియా సంచిల ఏసి, బండి మీద తీస్కపోయి, అత్త వాకిట్ల సంచి మూతి ఇప్పిన. అది నా మొఖం గూడ చూడలే. గోడెక్కింది, కప్పెక్కింది, మాయమైంది. అత్త మూడు రోజులు గిన్నెల పాలు పోసి పిలిచింది. తొమ్మిదో నాడు మా మేస్త్రీ ఫోన్ చేసిండు, "తమ్మీ, మీ పిల్లి పిల్లర్ గుంతలకాడ అరుస్తాంది" అని. పోయి చూస్తే పక్కటెముకలు తేలినయ్, ముందలి కాలు చీరుకపోయింది. ఇల్లు లేదు, గోడ లేదు. మా అమ్మ పొయ్యి ఉండే జాగల, మట్టి మీద కూసున్నది.

దవాఖానకు తీస్కపోతే డాక్టర్ సార్ తిట్టిండు. ఆయన తిట్టుకుంట చెప్పింది, ఆనక నేను చదివి తెలుసుకున్నది కలిపి చెప్తున్న.

కుక్క మనిషి ఎంబడి ఉంటది, పిల్లి జాగ పట్టుకొని ఉంటది. కుక్క గుంపుల బతికిన జీవం. పిల్లి పూర్వీకులు ఆఫ్రికా అడవి పిల్లులు, ఒంటరిగ ఒక హద్దు పెట్టుకొని ఏటాడేటియి. పంట దాసుకునుడు మొదలైనంక గాదెలకు ఎలుకలొచ్చినయ్, ఎలుకల కోసం ఇవి మనిషి దగ్గరికొచ్చినయ్. సైప్రస్ దీవిల 9,500 ఏండ్ల నాటి సమాధిల మనిషి పక్కన పిల్లి బొక్కలు దొరికినయ్. మనతోని అంతకాలం నుంచి ఉన్నా, దానికి హద్దు హద్దే. చెంపలు దర్వాజకు, మంచం కోడుకు రాస్తది చూడున్రి, అది ప్రేమ ఒక్కటే కాదు. దాని చెంపల ఉండే వాసన అంటిచ్చి "ఇది నాది" అని రాసుకుంటది. ఆ వాసన లేని కొత్త వాకిట్ల సంచి మూతి ఇప్పితే అది ఉరకక ఏం చేస్తది?

అందుకే పిల్లిని కొన్నాళ్లు ఎవరికన్న అప్పజెప్పాలంటే మంచి మనిషిని ఎతుకుడొక్కటే కాదు, ఒక మూసిన అర్రను ఎతకాలె. కిటికీకి జాలి ఉండాలె, దర్వాజ సరిగ పడాలె. మొదటి రెండు మూడు వారాలు ఆ అర్రనే దాని ఊరు. దాంతోపాటు ఉతకని పాత బొంత, అది పండే గంప పంపాలె. వాటి మీద దాని వాసన ఉంటది. ఒక తట్టల ఇసుక పోసి మూలకు పెట్టి, రోజు ఎత్తెయ్యాలె. గండు మానినంక మళ్ల అత్త దగ్గరికే పంపినం, ఈసారి గిట్లనే. మొదటి రెండు రోజులు మంచం కిందికెల్లి రాలే. నాలుగో నాడు అత్త కాళ్లకు చెంప రాసింది. ఇరవై దినాలకు, ఆకలి మీదున్నప్పుడు, బువ్వ పెట్టే యాళ్లకు ముందు దర్వాజ తీసినం. వాకిట్ల తిరిగి గిన్నె చప్పుడుకు లోపటికొచ్చింది.

బూడిదిని మాత్రం ఊరు దాటియ్యలే. మా పక్కింటి పెద్దమ్మ వడ్ల అర్ర ఇచ్చింది. అదే గల్లీ, అవే చప్పుళ్లు. నన్నడిగితే ముసలి పిల్లికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. కాకపోతే పక్కిల్లు కాబట్టి సందు దొరికితే పని నడిచే కాడికి పోతది. పచ్చి సిమెంటు పాదాలను కాలుస్తది, నాకితే నోరు పుండైతది. కూలగొట్టేటప్పుడు, స్లాబు పోసేటప్పుడు కచ్చితంగ మూసిపెట్టాలె. ఇంకోటి, మేస్త్రీ ఇసుక కుప్పను గూడ అది తన తట్టే అనుకుంటది. దాని మీద మా మేస్త్రీతోని పడ్డ తిట్లు గిక్కడ రాయలేను.

తిండి ముచ్చట ఇంకా ముఖ్యం. కొత్త జాగల పిల్లి ఒకరోజు తినకుంటే ఫికర్ లేదు. రెండు మూడు రోజులు ఏం ముట్టకుంటే ఒంట్ల కొవ్వు లివర్‌కు చేరి పాణం మీదికొస్తది, బొద్దు పిల్లులకు ఇంకా జల్ది. "ఆకలైతే అదే తింటది" అని ఊకోవద్దు, డాక్టర్‌ను అడగాలె. ఇంట్ల ఏం పెట్టేటోళ్లో అదే పెట్టమని చెప్పాలె. పెద్ద పిల్లులకు చానమట్టుకు పాలు అరగవు, మా అత్త పోసిన పాలు మంచి మనసుతోనే గాని లాభం లేదు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఏసిన పులుసు కలపొద్దు. ఒళ్లు ఎచ్చగుందని పారాసిటమాల్ అస్సలు ఎయ్యొద్దు, ఒక్క గోళీ పిల్లిని చంపుతది.

ఇచ్చే ముందు ఆ ఇంటోళ్లను ఒక మాట అడగాలె: ఈ ఏడాదిల మీ ఇంట్ల పిల్లి ఏదన్న వాంతులు, విరేచనాలు పట్టి చచ్చిందా? పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ ఇంట్ల ఏడాది దాక బతికుంటది. దానికి టీకా ఉన్నది, రేబిస్ టీకా వేరే. అప్పజెప్పే ముందటి రోజు కాదు, కొన్ని వారాల ముందే ఏపియ్యాలె. ఏటా జూలై 6న జూనోసిస్ దినం నాడు సర్కారు పశువుల దవాఖానల్ల రేబిస్ టీకాలు ఉచితంగ ఏస్తరు, పిల్లులకు ఏస్తరా అని ముందే అడుగున్రి. ఆడ పిల్లైతే ఆపరేషన్ సంగతి గూడ అప్పుడే తేల్చుకోవాలె. అది కడుపు మోసేది రెండు నెలలే. ఒక పిల్లిని ఇచ్చి ఆర్నెల్లకు పోతే ఐదు చేతిల పెడతరు, అప్పుడు సుట్టరికం చెడుతది.

సుట్టరికం అంటే యాదికొచ్చింది. పైసలియ్యాలె. "పిల్లికి కిరాయేంది బిడ్డా" అని పెద్దమ్మ తీసుకోలే. ఐనా నెలకోసారి చేపలకని అమ్మ చేతిల పెట్టొచ్చేది. ఇట్ల ఇయ్యకుంటే రెండో నెలకు పిల్లి బరువైతది, మూడో నెలకు దర్వాజ తెరిచే ఉంటది. ఎప్పుడు తీస్కపోతరో గూడ చెప్పాలె, పని ఆలస్యమైతే మళ్ల పోయి చెప్పాలె. హైదరాబాద్‌ల రోజుకింతని తీసుకొని పిల్లుల్ని ఉంచుకునే జాగలున్నయ్. నాలుగు దినాలకైతే సరే, ఏడాది ఇల్లు కట్టేటోనికి అది అయ్యే పని కాదు.

తీస్కపోవుడు సంచిల వద్దు. గాలాడదు, ఎండకు ఉడుకుతది, భయానికి గోళ్లతోని చీరుకుంటది. టమాటలు పోసే ప్లాస్టిక్ క్రేట్లు రెండు మూతికి మూతి పెట్టి తీగతోని గట్టిగ కట్టి, మీద తువ్వాల కప్పితే చాలు. దాన్ని రెండు రోజుల ముందే ఇంట్ల పెట్టి అండ్ల బువ్వ పెట్టాలె. బండి కంటే ఆటో నయం. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర యాళ్ల హైవే మీద పిల్లితోని పోవుడు మాత్రం పెట్టుకోవద్దు.

ఇవన్నీ ఎందుకు, కాలువ అవతల ఇడిసొస్తే ఎలుకలు తిని బతుకుతది అనేటోళ్లున్నరు. అట్ల ఇడిసినయ్ చానమట్టుకు ఎనుకకే బయలుదేరుతయ్, దారిల హైవే ఉంటది, కుక్కలుంటయ్. ఆకలి దప్పులకు గురయ్యేటట్టు జంతువును ఇడిసిపెట్టుడు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. మొదటిసారికి జుర్మానా ఎంతో ఎరుకేనా? పది నుంచి యాభై రూపాయలు. చాయ్ బిస్కెట్ల పైసలు.

మా స్లాబు పడ్డది, తలుపులు రావాలె. గృహప్రవేశం నాడు పిల్లుల్ని తేము. డప్పులు, సుట్టాలు, వాసన లేని కొత్త గోడలు, అన్నీ ఒక్కసారి వద్దు. సుట్టాలు పోయినంక ఇద్దరినీ ఎనుక అర్రల, పాత బొంతతోని పెడ్తం. అమ్మ గ్యాస్ పొయ్యిని పాత పొయ్యి ఉన్న మూలకే పెట్టిస్తున్నది. వాస్తు కోసమని అందరికి చెప్తున్నది.