పహణీ ఆలస్యమైతే ఎవర్ని అడగాలి?

మన బాగేపల్లి, చింతామణి పక్క పొలం కాగితాన్ని పహణీ అంటాం. ఒకప్పుడది గ్రామలెక్కిగుడి దగ్గరే ఉండేది. ఆయన దొరికితేనే కాగితం. 2000 ప్రాంతంలో 'భూమి' పథకం సుమారు 2 కోట్ల పహణీలను కంప్యూటర్లోకి ఎక్కించింది. తాలూకా కచేరీలో మొదట్లో 15 రూపాయలకే చేతికిచ్చేవాళ్ళు.

కాగితం త్వరగా రావడం సరే, రాకపోతే జవాబెవరిది? నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. 2012లో అమలుకొచ్చిన 'సకాల' చట్టం ఇందుకే. దాని కిందికొచ్చే పనికి అర్జీ పెడితే 15 అంకెల నంబరిస్తారు. గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున, 500 దాకా మనకిచ్చి, ఆ డబ్బు బాధ్యుడైన అధికారి నుంచి రాబట్టాలి. మొత్తం చిన్నదే! కానీ ఆలస్యానికి ఒక మనిషి పేరు తగులుకుంటుంది.

ఇంట్లో తెలుగు, రసీదులో కన్నడం కాబట్టి మన అవ్వలు దాన్ని మడిచి కొంగున కట్టేస్తారు. ఆ నంబరు పోతే గడువెప్పుడు మొదలైందో చూపించడమే కష్టం.