ఊరు మారినా మాత్ర మానొద్దు

సూరత్ మరమగ్గాలపై పనిచేసేవారిలో తెలంగాణ నేత కార్మికులూ ఉన్నారు. పండగకో పెళ్లికో ఊరొచ్చి నెలల తరబడి ఉండిపోయినప్పుడు, హెచ్‌ఐవీ మాత్రలు వాడేవారికి ఆ విరామం ప్రమాదకరం.

మాత్రలతో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గినా ఇన్‌ఫ్లమేషన్, అంటే లోలోపలి వాపు, కొంత మిగులుతుంది. హెచ్‌ఐవీ తొలిదశలోనే దెబ్బతీసిన పేగు గోడ నుంచి బ్యాక్టీరియా అవశేషాలు రక్తంలోకి చేరి రోగనిరోధక కణాలను రెచ్చగొడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

మరి మాత్రలు ఆపితే? 2006లో వెలువడిన స్మార్ట్ అధ్యయనంలో 5,472 మంది పాల్గొన్నారు. మధ్యమధ్య మందులు ఆపినవారిలో వాపు సూచికలు, గుండె సమస్యలు, మరణాలు పెరిగాయి.

ఊరెళ్లే ముందు సూరత్ ఏఆర్‌టీ కేంద్రంలో చెబితే సొంత జిల్లా కేంద్రానికి బదిలీ చేయించుకోవచ్చు. మందులు రెండుచోట్లా ఉచితమే. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవాలి, పొగాకు మానాలి.